రెండు తలల దూడ

గుడిలో వాక్యం, అదే ఆదివారం ప్రసంగం, మొదలై చాలాసేపయింది. పాస్టరుగారిని ఆ ఊళ్ళో అందరూ అయ్యగారనే అంటారు, ఆయన ఏ పనీ తొందరపడి చెయ్యరు, ఇవాళైతే మరీ తాపీగా లాగుతున్నారు. లాగితే లాగనీ, అసలు ముగించకపోయినా బాగుండునని ఉంది సువార్తమ్మకు. ఎందుకంటే వాక్యం అయ్యాక ప్రకటనలు, ప్రకటనల్లో ఆఖరిది పెళ్ళి ప్రకటన, అది ఇవాళ మూడోసారి. గుడిలో పెళ్ళి జరగాలంటే వరసగా మూడు ఆదివారాలు పేర్లు చదవాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడగాలి, మూడోసారి కూడా ఎవరూ లేవకపోతే ఇక ఆ పెళ్ళికి అడ్డు లేనట్టే. మొదటి రెండు ఆదివారాలూ ఎంత హాయిగా గడిచాయి! సామర్లకోట కిరణ్ కుమార్ పేరూ, తన కూతురు ఆశాజ్యోతి పేరూ పక్కపక్కన వినబడగానే ఆడవాళ్ళందరూ తన వైపు తిరిగి నవ్వారు, తను కొంగు నెత్తి మీదికి లాక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది. అభ్యంతరం మాట అసలు ఎవరూ వినలేదు; ఆ మాట అనడం అయ్యగారి పని, వినకపోవడం సంఘం పని. ఇవాళ మాత్రం అందరూ వింటారు. వినడానికే వచ్చారు. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప మొహం చూపించని వాళ్ళు కూడా ఇస్త్రీ చీరలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఎవరు లేస్తారా అని వాళ్ళు చూస్తున్నారు, లేవాల్సిందెవరో సువార్తమ్మకు తెలుసు. తండ్రి లేని పిల్ల, తల్లి తనే. లేస్తే తనే లేవాలి, లేవాలో వద్దో పొద్దుటి నుంచీ తేల్చుకోలేక చస్తోంది.

మగవాళ్ళ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. కిరణ్ కుమార్ తెల్ల చొక్కా వేసుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు. ఎండలు మండిపోయే ఈ రోజుల్లో ఈ గుడిలో ఫ్యాను కింద చోటు దొరకడమంటే మాటలు కాదు, దానికోసం పెద్దమనుషులు గంట కొట్టకముందే వచ్చి కండువాలు పరిచి పెట్టుకుంటారు. ఇవాళ ఆ చోటంతా అతనికే వదిలేశారు. అతని చుట్టూ జంపఖానా మీద ఓ నులక మంచం పట్టేంత ఖాళీ. అవతల గోడవారన మగవాళ్ళు ఒకరి మోకాళ్ళ మీద ఒకరు కూర్చుని చెమటలు కక్కుతున్నారు. ఆ కుర్రాడికి చీమ కుట్టినట్టయినా లేదు, కాళ్ళు చాపుకుని గాలి తగిలించుకుంటున్నాడు, తన చూపు పసిగట్టి చిన్నగా నవ్వాడు కూడా. ఏం పిల్లాడో! గ్యాసు పైపులైను పని మీద వచ్చి, నరసాపురం రేవు దగ్గర గది తీసుకుని, ఆదివారం ఆదివారం సైకిలు తొక్కుకుంటూ ఈ గుడికే వస్తూ, వచ్చిన నెల్లాళ్ళకే క్వయర్‌లో ఆశాజ్యోతి నిలబడే వైపు చోటు చూసుకోవడం మొదలుపెట్టాడు. అది అందరికంటే ముందు కనిపెట్టింది తనే. కనిపెట్టి, కోపం తెచ్చుకుందామని రెండు రోజులు గట్టిగా ప్రయత్నించి, రాక ఊరుకుంది. అంత మంచి కుర్రాడి మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే.

ఒళ్ళో చేతులు మాత్రం ఊరుకోవడం లేదు. సూదీ దారం లేకపోయినా వేళ్ళు వాటంతటవే లేసు అల్లేస్తున్నాయి, పువ్వు తర్వాత పువ్వు, రెక్క తర్వాత రెక్క. ఈ వేళ్ళు ఆగితే నోరు ఆగుతుందని ఆయన అనేవాడు, పోయినాయన. అరుగు మీద లేసు అల్లే ఆడవాళ్ళకు పేపరు చదివి వినిపించే అలవాటు అసలు ఆయనదే. చేతులకు పనుంది గానీ చెవులకు లేదు కదా అని మొదలుపెట్టాడు. ఆయన పోయాక పేపరు మానేద్దామనుకుంటే మధ్యాహ్నం అయ్యేసరికి వీధి వీధంతా దారపు ఉండలు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు, ఏం చేస్తుంది, కళ్ళజోడు పెట్టుకుంది. ఆయన చదివింది చదివినట్టు చదివేవాడు, వినేవాళ్ళు ఆవలించేవారు, సూదులు నెమ్మదించేవి. సువార్తమ్మ అలా కాదు. హెడ్డింగు సాగదీసి చదువుతుంది, చావు వార్త నీళ్ళు నిండిన గొంతుతో చదువుతుంది, ధరల పట్టిక ఎగరగొట్టేస్తుంది, అక్కడక్కడా రుచి తగ్గిందనిపించిన చోట కాస్త ఉప్పూ కారం తగిలిస్తుంది. ఆ పూట పని ఎంత ఊపుగా సాగేదో! నరసాపురంలో లేసు కొనే షావుకారు కూడా మీ వీధి సరుకు ముందొస్తుందేంటండీ అని అడిగాడొకసారి. పేపరు మహిమండీ అంది తను. అది గొప్పగా అనుకుంది అప్పుడు.

ఇప్పుడు ఆ గొంతే తనని ముంచేసింది కాదూ? ఈ వారంలోనే, మొదటి రోజు జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వచ్చింది, "నరసాపురం చెంత అణు కుంపటి?" అని. చివర ప్రశ్న గుర్తు ఉంది, లేకపోలేదు, కానీ ప్రశ్న గుర్తును ఎవరు పైకి చదువుతారు, అరుగు మీదికి వచ్చేసరికి కుంపటి ఉందనే తేలిపోయింది. రెండో రోజు "పది గ్రామాలకు ముప్పు? గోదావరి నీళ్ళు తాగవచ్చా?" అని వచ్చింది, అవి కూడా ప్రశ్నలే, కానీ ఆ సాయంత్రం వీధిలో చాలా ఇళ్ళల్లో కుండలు ఒలకబోశారు. ఒలకబోసి మళ్ళీ ఎక్కడ నింపారూ అంటే అదే కాలవలో. మూడో రోజు వార్త "మృత్యువుతో యువకుడి పోరాటం!" ఆ హెడ్డింగు చదవడంలో తను చూపించిన పనితనం ఇప్పుడు తలుచుకుంటే తనకే ఒళ్ళు జలదరిస్తుంది. "మృ... త్యు... వు... తో..." అని ఎంత లాగిందంటే, మేకపిల్ల చచ్చినా ఏడవని లోవమ్మ ముక్కు చీదుకుంది. అప్పుడు పేజీ మడత విప్పి కింద ఉన్న ఫోటో చూసింది సువార్తమ్మ. మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతికి గొట్టం పెట్టించుకుని, తనకి కాబోయే అల్లుడు.

గొంతు ఆగిపోయింది. పేపరు చదవడం మొదలుపెట్టిన ఇన్నేళ్ళలో గొంతు మధ్యలో ఆగడం అదే మొదలు. ఆడవాళ్ళందరూ మీద పడి చూశారు. "ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న కిరణ్ కుమార్" అని కింద అచ్చు. ఫోటో అంచున ఒక చెయ్యి కూడా పడింది, బిస్కెట్ల ప్యాకెట్టు పట్టుకున్న చెయ్యి, ఆ మణికట్టు మీద వదులుగా వేలాడుతున్న మగవాళ్ళ గడియారం. ఆ గడియారం ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూ ఉండగానే వీధి మొదట్లో సైకిలు బెల్లు వినబడింది, హ్యాండిలుకి తాటి ముంజల గెల వేలాడేసుకుని, మృత్యువుతో పోరాడుతున్న యువకుడు చక్కా వచ్చి దిగాడు. ఆ పూట అరుగు ఖాళీ అయినంత వేగంగా వరదొచ్చినప్పుడు కూడా కాలేదు. లోవమ్మ ఒక్కతే మిగిలింది, ధైర్యం చేత కాదు, చీరకు దారం చిక్కుకుపోయి.

"ఏంటండీ అత్తయ్యగారూ, అందరూ లేచిపోయారు?"

"బాబూ, నువ్వు ఆసుపత్రిలో లేవా?" అంది లోవమ్మ.

అతను పేపరు తీసుకుని చూసి పడీపడీ నవ్వాడు. "ఇది క్రిస్మస్‌కి మన గుడిలో రక్తదానం పెట్టినప్పటి ఫోటో కదండీ! స్టూడియో చంద్రరావుగారు తీశారు. ఇదిగో, ఈ బిస్కెట్లు పట్టుకున్న చెయ్యి మీదే కదండీ." సువార్తమ్మ పేపర్లో చేతినీ చూసుకుంది, ఒంటికున్న చేతినీ చూసుకుంది. గడియారం ఒకటే. పోయినాయన గడియారం. తన చెయ్యే, తన బిస్కెట్లే, తను దగ్గరుండి తాగించిన పంచదార నీళ్ళే, అయినా ఒక్క క్షణం, దేవుడు క్షమించాలి, పేపర్లో చెయ్యే నిజమైనదనిపించింది. అచ్చులో ఉంది కదా మరి! అచ్చులో ఉన్నది అబద్ధమైతే ఇన్నేళ్ళూ తను అరుగు మీద కూర్చుని చదివిందంతా ఏమైనట్టు?

అయ్యగారి గొంతు కాస్త పెరిగింది, వాక్యం ముగింపుకొచ్చిందేమో అనుకుంది, కాదు, మంచినీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నారు. "మొన్న పేపర్లో చూశాం గదా ప్రియులారా, కంటికి కనబడని రేడియేషన్ అనేది మన పొలిమేరలదాకా వచ్చి..." అంటున్నారు. అయ్యగారు కూడా! మగవాళ్ళ వైపు కొందరు మెల్లగా ఇంకో జానెడు జరిగారు. కిరణ్ కుమార్ మాత్రం శ్రద్ధగా వింటున్నాడు, తన గురించి కాదన్నట్టు, ఎవరో పాపం ఆపదలో ఉన్నట్టు. ఆ రోజు ముంజలు కొట్టి పెడుతూ ఎంత చక్కగా చెప్పాడు! గ్యాసు గొట్టాలు అతుకు పెట్టిన చోట లోపల బీటలున్నాయేమో ఎక్స్‌రే తీస్తామండి, ఇనప పెట్టెలో వేలెడంత కూడా లేని రేడియేషన్ సరుకు ఒకటి ఉంటుంది, కేబులుతో దాన్ని ఓ ట్యూబులోంచి బయటికి తోసి ఫోటో అయ్యాక మళ్ళీ పెట్టెలోకి లాగేస్తాం, ఆ సాయంత్రం స్టాండు పడి ట్యూబు నొక్కుకుపోయి అది వెనక్కి రాలేదు, మేం దూరంగా వచ్చేసి చుట్టూ తాడు కట్టి ఎవర్నీ రానివ్వకుండా కూర్చున్నాం, మా ఇంజనీరుగారొచ్చి సరిచేశారు, భోజనాల వేళకి గదికి వెళ్ళిపోయాం, అంతేనండి. అయితే ప్రమాదం కాదా అని అడిగింది తను. "ఎందుక్కాదండీ, చేత్తో పట్టుకుంటే చెయ్యి కాలిపోద్ది, దగ్గర ఎక్కువసేపుంటే ప్రాణానికే ముప్పు. అందుకే కదండీ తాడు కట్టింది." ఆ మాటే తనకి నచ్చింది. ఏమీ లేదని కొట్టిపారేస్తే నమ్మేది కాదు.

"మరి నీ ఒంటికి అంటుకుని ఉండదా బాబూ?" అంది లోవమ్మ దారం విప్పుకుంటూ.

"దీపం ముందు కూర్చున్నవాడు చీకట్లోకి వెళ్తే వెలుగుతాడాండీ? ఇదీ అంతే. ఆ సరుకు పెట్టెలోకి వెళ్ళిపోతే దాని వెలుగూ పెట్టెలోకే. నాతోపాటు మీ ఇంటికి రాదు."

లోవమ్మ అతన్ని నఖశిఖ పర్యంతం చూసింది, ఎక్కడైనా వెలుగుతున్నాడేమోనని. చొక్కాకు పెట్టుకునే, రేడియేషన్ కొలిచే బ్యాడ్జీని ఆ రాత్రే బొంబాయి పంపితే, ఒంటి మీద పడింది లెక్కలోకి రానంత అని ఫోనులో జవాబొచ్చిందట. ఆ ముక్క చెబితే, బొంబాయి దాకా పంపారంటే ఎంత పెద్ద జబ్బో చూడండి అంది లోవమ్మ. ఆవిడతో ఎవరు వేగుతారు? సువార్తమ్మ స్టూడియోకే వెళ్ళింది. చంద్రరావుకి ఫోటోలు తియ్యడం వృత్తి, పేపరుకి వార్తలు రాయడం సరదా. ఆ సాయంత్రం ఎక్కడో ఓణీల ఫంక్షనుకి ఫోటోలు తీసి మోపెడ్ మీద వస్తూ తాడు చూసి ఆగాడట. "వార్త నాదేగానీ హెడ్డింగులు నావి కాదండి, అవి రాజమండ్రిలో పెడతారు. నేను బాధితులెవరూ లేరనే రాశానండి. బాధితుడి ఫోటో లేకపోతే వార్త నిలబడదన్నారు" అని నసిగి, సవరణ వేయిస్తానని ఒట్టేశాడు. వేయించాడు కూడా, ఆఖరి పేజీలో మోటారు పంపుల ప్రకటన కింద, కళ్ళజోడు పెట్టుకున్నా కనబడనంత చిన్న అక్షరాలతో. "కిరణ్ కుమార్ కోలుకుంటున్నారు." ఏ జబ్బూ లేనివాడు దేన్నుంచి కోలుకుంటాడు? అది చదివి వీధిలో వాళ్ళు, చూశారా, ముందు నిజంగానే సీరియస్ అన్నమాట అనుకున్నారు.

అన్నీ తెలుసు. చెయ్యి తనదని తెలుసు, దీపం మాట సబబుగానే ఉందని తెలుసు. అయినా మనసు ఒక చోట నిలవదు. కూతురు కదా. మళ్ళీ మళ్ళీ పుట్టే పిల్లా? రేపు పిల్లలు పుట్టకపోతే, పుట్టినా సరిగ్గా పుట్టకపోతే, సువార్తమ్మా నువ్వు చదివి కూడా చేశావే అని లోకం అనదూ? లోకం సంగతి అలా ఉంచు, తన ప్రాణం ఒప్పుకుంటుందా? ఇదే మాట రాత్రి అన్నం దగ్గర నసిగితే ఆశాజ్యోతి కంచంలోంచి తలెత్తి, "వద్దనుకుంటే రేపు గుడిలో లేచి వద్దనమ్మా. కూర్చుని మొహం మాడ్చుకోకు" అంది. తండ్రి పోలిక. నాలుగు మాటల్లో తేల్చేస్తుంది. పొద్దున గుడి గేటు దగ్గర సంఘ పెద్ద చిట్టియ్య పక్కకు పిలిచి, "చెల్లెమ్మా, ఇవాళ ప్రభు సంస్కారం ఉంది గదా, ద్రాక్షరసం ఒకే గిన్నె, అందరూ నోరు పెట్టి తాగాలి. జనం కంగారు పడుతున్నారమ్మా. అబ్బాయిని అందరిదీ అయ్యాక ఆఖర్న రమ్మను" అన్నాడు. తను ఏమనాలి? ఏమన్నయ్యా, మతి ఉండే మాట్లాడుతున్నారా అనాలి. అలాగేనండి అంది. ఆ అలాగేనండి ఇప్పుడు కూడా గొంతులో చేపముల్లులా ఉంది. కిరణ్ కుమార్‌కి చెప్పబోతుంటే అతనే అందుకుని, "ఆఖర్న వెళ్ళాలి, అంతే గదండీ? వెళ్తాను. ఆఖరివాడికి గిన్నెలో కాస్త ఎక్కువ మిగులుద్దంట" అని నవ్వేశాడు. పక్కన ఆశాజ్యోతి నవ్వలేదు. క్వయర్ వాళ్ళు అందరికంటే ముందు తీసుకోవాలి, అది ఇక్కడి పద్ధతి, లేకపోతే ఆయన తర్వాత నేనే తాగుదునని గొణిగి, గౌను సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. తల్లి వైపు చూడనైనా చూడలేదు.

ఆమెన్ అన్నారందరూ. సువార్తమ్మ ఉలిక్కిపడి ఒక అర నిమిషం ఆలస్యంగా ఆమెన్ అంది. వాక్యం అయిపోయింది. కానుకలు పట్టడం, స్త్రీల సమాజం కూటం, గుడి సున్నాల చందా, ఒక్కొక్కటీ వినబడుతున్నాయి గానీ చెవిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మూడవ మారును, కడవరి మారును ప్రకటించుచున్నాము..." ఆ రెండు పేర్లూ చదివారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. "వీరి వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే లేచి తెలుపవలెను." కాగితం దించి, కళ్ళజోడు మీదుగా చూస్తూ ఆగారు. మామూలుగా ఊపిరి తీసుకునేంత సేపే ఆగుతారు, ఇవాళ న్యాయంగా ఆగాలి కదా అని ఆగారు. ఆడవాళ్ళ తలలన్నీ ఒక్కొక్కటే తన వైపు తిరుగుతున్నాయి. చీర కుచ్చెళ్ళ కింద కాళ్ళు కదిలాయి, లేవడానికే కదిలాయి. తన సొంత కాళ్ళే తనని అడక్కుండా లేవబోతున్నాయి.

అప్పుడు వెనక నుంచి లోవమ్మ వేడి ఊపిరి చెవిలో పడింది. "లేవండి సువార్తమ్మగారూ, ఆలోచిస్తారేంటి? మొగల్తూరులో రెండు తలల దూడ పుట్టిందంట. పేపర్లో కూడా వేశారు. మీరే గదండీ చదివారు!"

రెండు తలల దూడా? పేపర్లోనా? ఎక్కడ చదివింది తను? రెండో రోజు వార్తలో పశువులపైనా ప్రభావం ఉండవచ్చునని నిపుణులు భావిస్తున్నారు అని ఒక చప్పిడి వాక్యం ఉంది, అది చదువుతుంటే సూదులు నెమ్మదించాయి, ఎవరో ఆవలించారు, సరే కాస్త ఊపు తెద్దామని రష్యాలో ఇలాంటిదే జరిగి రెండు తలల దూడ పుట్టిందట అని తనే అంది. అంది! పేపర్లో లేదు. ఏ పేపర్లోనూ లేదు. ఆ దూడ అంతర్వేది తీర్థంలోది, పెళ్ళయిన కొత్తలో ఆయనతో వెళ్ళినప్పుడు టిక్కెట్టు కొని డేరాలో చూసింది, గడ్డి కూరిన దూడ, రెండో తల మెడకు కుట్టిన కుట్లు పైకే కనబడుతున్నాయి, చూడండి, కుట్టు కూడా నీటుగా లేదు అని ఆయన చెవిలో చెప్పి నవ్వింది. ఆ దూడ అంతర్వేదిలో బయల్దేరి, తన నోట్లోంచి రష్యా వెళ్ళి, ఈ నాలుగైదు రోజుల్లో మొగల్తూరు చేరి, ఇప్పుడు గుడిలోకి నడిచొచ్చి తన కూతురి పెళ్ళికి అడ్డం నిలబడింది! ఉప్పూ కారం అంటే ఇదన్నమాట. తను ఒక్క దూడని కలిపింది. చంద్రరావు మోపెడ్ మీద వస్తూ ఎంత కలిపాడు, రాజమండ్రిలో హెడ్డింగులు పెట్టేవాళ్ళు ఇంకెంత కలిపారు, వాళ్ళకి మాత్రం నెమ్మదించే సూదులుండవా, ఆవలించే జనం ఉండరా? అచ్చు వేసేవాళ్ళు కూడా తనలాంటి మనుషులే కదా! ఆ సంగతి ఇంత వయసొచ్చాక, అదీ కుట్లు కనబడుతున్న దూడ వల్ల తెలియడం తలుచుకునేసరికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గుడిలో, అయ్యగారు అభ్యంతరం అడిగి ఎదురుచూస్తున్న వేళ, నవ్వు! కొంగు నోట్లో కుక్కుకుని తల వంచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పాపం ఏడుస్తోందని పక్కావిడ వీపు నిమిరింది, దాంతో నవ్వు ఇంకా ఎక్కువైంది. అయ్యగారు జాలిగా చూసి, కాగితం మడిచి, "అభ్యంతరములు లేవు" అన్నారు. తను లేవలేదు. లేవడానికి వీల్లేక లేవలేదు.

కళ్ళు తుడుచుకున్నాక గాని అసలు సంగతి బుర్రకెక్కలేదు. లేవకపోవడం ఒక ఎత్తు, ఔననడం ఇంకో ఎత్తు. అందరూ తను ఏడ్చి ఊరుకుందనే అనుకుంటున్నారు, గత్యంతరం లేక పిల్లని ఇచ్చిందంటారు, ఆ కుర్రాడి చుట్టూ మంచమంత ఖాళీ రేపు పెళ్ళి పందిట్లోనూ అలాగే ఉంటుంది, ఎల్లుండి తన గుమ్మంలోనూ ఉంటుంది. క్వయర్ పాట ఎత్తుకుంది. క్వయర్ వాళ్ళ సంస్కారం ముందే అయింది, ఆశాజ్యోతి తెల్ల గౌనులో తిరిగొచ్చి పాటల పుస్తకంలో మొహం దాచుకుంది. మగవాళ్ళ వంతు రాగానే ఈ గుడి పుట్టి ఎన్నడూ చూడని వింత జరిగింది. ఎప్పుడూ మీరు పదండి అంటే మీరు పదండి అని బతిమాలుకునే పెద్దమనుషులు ఇవాళ రేవులో పంటు పడవ దిగే జనంలా తోసుకుంటూ వెళ్ళి వేదిక ముందు కటకటాల దగ్గర మోకరించారు. ఆడవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, మగవాళ్ళు లేవకముందే వెనక చేరిపోయారు. చిట్టియ్య నెమ్మదండీ, నెమ్మదండీ అంటూనే తన వంతు ముందే కానిచ్చుకున్నాడు. కిరణ్ కుమార్ దారి పక్కన నిలబడి, రండి రండి, మీరు వెళ్ళండి అని ముసలివాళ్ళకి చెయ్యి చూపిస్తున్నాడు, ఆ చెయ్యి తగలకుండా వాళ్ళు వంగి వెళ్తున్నారు. ఒక వరస, ఇంకో వరస, మరో వరస. సువార్తమ్మ కూర్చునే ఉంది. లోవమ్మ వెళ్ళొచ్చి మూతి తుడుచుకుంటూ చతికిలబడింది. ఇక ఎవరూ లేరు. కిరణ్ కుమార్ ఒక్కడే వెళ్ళి, అంత పొడుగు కటకటాల దగ్గర ఒక్కడే మోకరించాడు. వెనక నుంచి చూస్తే చొక్కా కాలరు దగ్గర ఇస్త్రీ సరిగ్గా పడలేదు. ఎవరు చేస్తారు, గదిలో ఒక్కడే ఉంటాడు కదా. ఆ కాలరు చూసేసరికి సువార్తమ్మ గుండె నీరైపోయింది.

లేచింది. లోవమ్మ కొంగు పట్టుకుంది. "అయిపోయింది గదండీ ఆడవాళ్ళది, ఎక్కడికి?"

"నాది అవ్వలేదు" అంది సువార్తమ్మ.

నడవలో చిట్టియ్య అడ్డం రాబోయి, ఆవిడ మొహం చూసి దారిచ్చాడు. మగవాళ్ళ వైపా ఆడవాళ్ళ వైపా అని చూడకుండా తిన్నగా వెళ్ళి అతని పక్కనే, భుజానికి భుజం తగిలేలా మోకరించింది. ఎవరికి ఏం చెప్పాలో అంతా ఆ నడకలోనే చెప్పేసినట్టు ఒళ్ళు తేలికైపోయింది. "అత్తయ్యగారూ, మీరు ముందు తీసుకోండి" అన్నాడతను రహస్యంగా. మొదటిసారి ఆ గొంతులో నవ్వు లేదు. "ఊరుకో బాబూ. నీ తర్వాతే నేను" అంది. అయ్యగారు అతనికి రొట్టె ఇచ్చారు, పాత్ర ఇచ్చారు. తాగాడు. అయ్యగారు తెల్లగుడ్డతో అంచు తుడిచారు. అందరికీ ఒకసారి తుడిచిన చెయ్యి ఇప్పుడు రెండోసారి, మూడోసారి తుడిచింది. తుడిచి, పాత్రను పూర్తిగా వెనక్కి తిప్పి, అతని పెదవి తగలని వైపు సువార్తమ్మ నోటికి అందించారు. ఆయన మంచి మనిషే, మేలు చేస్తున్నాననే అనుకుంటున్నారు.

"అటు కాదయ్యగారూ." రహస్యంగా అనలేదు, ఆఖరి వరసదాకా వినబడేట్టే అంది. "ఇటు తిప్పండి. మా అల్లుడు తాగిన వైపు."

అయ్యగారి చెయ్యి గాల్లో ఆగింది. ఆయన ఆవిణ్ణి చూశారు, అతన్ని చూశారు, పాత్రలోకి చూశారు. ఆఖర్న మిగిలింది పాస్టరే తాగాలన్నది ఆయన నేర్చుకుని వచ్చిన నియమం, అది ఆ క్షణంలో ఆయనకీ గుర్తొచ్చినట్టుంది. నెమ్మదిగా పాత్ర తిప్పారు. సువార్తమ్మ రెండు చేతులా పట్టుకుని, ఒక గుక్క కాదు, ఎండలో నడిచొచ్చిన మనిషిలా నిండుగా తాగింది. అయ్యగారు మిగిలింది చూసి, గుడ్డ పక్కన పెట్టి, అంచు తుడవకుండానే కళ్ళు మూసుకుని తాగేశారు. వెనక క్వయర్‌లో అందరూ పాడుతూనే ఉన్నారు, ఒక్క గొంతు మాత్రం చరణం మధ్యలో ఆగిపోయింది. అది ఎవరిదో సువార్తమ్మకు తల తిప్పకుండానే తెలిసింది.